మంచం మీద మేము, నేల మీద నాయిన

చెవుల డాక్టరమ్మ నా ఎడమ చెవిలోకి లైటు వేసి చూస్తున్నంతసేపూ, లోపల నాకు తెలియకుండా ఎవరన్నా కిరాయికి దిగారేమో జర చూడమ్మా అని నేను వాగుతూనే ఉన్నాను. ఆమె మా సునీల్ కంటే చిన్నది. నవ్వింది, అద్దాల గదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించింది, కాగితం మీద గీతలు గీసింది. గచ్చిబౌలిలో కొత్తగా లేచిన ఆసుపత్రి అది. చెయ్యి పెడితే చాలు నీళ్ళు వచ్చే నల్లాలున్నాయి అక్కడ. నేను జీవితమంతా చేసింది నల్లాల పనే కాబట్టి ఆసుపత్రికి వెళ్ళినా ముందు బాత్‌రూమే చూసి వస్తాను. తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ నా కొడుకుతో మాట్లాడుతోంది. ఫారంలో వాడు రాసింది చదివి తల అడ్డంగా ఊపుతోంది. "దెబ్బ వల్ల కాదండి. దెబ్బకు పోయిన చెవి ఇలా ఉండదు. ఇది చిన్నప్పటి చీము. ఎవరూ పట్టించుకోలేదు, లోపలి ఎముకల్ని తినేసింది. మెషీన్ పెట్టినా ఈ చెవికి లాభం లేదు అంకుల్, కుడి చెవిని జాగ్రత్తగా చూసుకోండి."

సునీల్ కారు తీశాడు. ఫ్లైఓవర్ ఎక్కాక ముందున్న ఆఫీసు బస్సు వెనక ఆగిపోయాం.

"డాడీ, మరి తాత కొట్టిన దెబ్బ?"

"డాక్టరమ్మ చిన్నపిల్లరా. పుస్తకంల చదివింది చెప్పింది."

"ఆమె పుస్తకం చూసి చెప్పలే. నీ చెవి చూసి చెప్పింది."

నేను కిటికీ అద్దం దించి, హఫీజ్‌పేట్ దాకా మేడల మీది నీళ్ళ ట్యాంకులు లెక్కపెట్టాను.

దెబ్బ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే చెప్పింది నేనే. పెళ్ళి కానీ, గృహప్రవేశం కానీ, భోజనాలయ్యాక "మామా, ఆ చెంపదెబ్బది చెయ్యి" అని ఎవరో ఒకరు అడిగేవారు. నేను లేచి మా నాయినలా భుజాలు ఎత్తి నడిచి, టేబుల్ మీద అరచేత్తో ఫట్ మనిపించి, నేనే మూడు సార్లు గిర్రున తిరిగి కుర్చీలో పడేవాణ్ణి. అప్పటి నుంచి నా ఎడమ చెవికి వారమంతా ఆదివారమే అని ముగించేవాణ్ణి. జనం కళ్ళు తుడుచుకునేవారు. నా చెల్లెలు మార్త మాత్రం ఆ కథ మొదలవగానే లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళేది. దానికి కారణం నాకూ తనకూ మాత్రమే తెలుసు. పోయినేడు మార్త కూడా పోయింది. ఇగ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను, డాక్టరమ్మ లైటు వేసేదాకా. ఆ మధ్య నా మనవరాలు బడిలో కుటుంబం బొమ్మ గియ్యమంటే, ముత్తాతను కూడా గీసింది. మనిషి అంగుళం, చెయ్యి జానెడు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. దాని ముందు నిలబడి నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను.

మా నాయిన పేరు సామేలు. రాళ్ళు కొట్టేవాడు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోటంతా అప్పుడు బండలే, ఏనుగులు పడుకున్నట్టు. పొద్దున్నే సమ్మెట భుజాన వేసుకుని పోయేవాడు, చీకటి పడే వేళకు రాతిపొడితో తెల్లగా వచ్చేవాడు. కనురెప్పల మీద కూడా పొడి. ఇంటి ముందు గోలెం దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కుని, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూసుకుని, అప్పుడు గూట్లోంచి బైబిలు తీసేవాడు. చదవడం రాదు. అమ్మ చదివేది, ఆయన ఒళ్ళో పుస్తకం కింద చెయ్యి ఆనించి వినేవాడు, బిడ్డను పట్టుకున్నట్టు. తెల్లవారుజామున ప్రార్థనకు మమ్మల్ని లేపేటప్పుడు కూడా పిలిచేవాడు కాదు. అరికాలి మీద వేలితో మెల్లగా తట్టేవాడు. కిరసనాయిలు దీపం, అమ్మ తలకు రాసుకున్న కొబ్బరినూనె, ఆయన బనీనులోంచి ఎన్ని ఉతుకులకూ పోని రాతివాసన, ఈ మూడూ కలిస్తే నాకు దేవుడి వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా టైల్సు కోస్తుంటే నా చేతులు వాటంతట అవే జోడించుకోబోతాయి.

ఆయనకు బోధ చెయ్యడం రాదు. పిల్లల్ని కూర్చోబెట్టి మంచీచెడూ చెప్పింది లేదు. ఒక్క పని చేసేవాడు. నెలలో మొదటి ఆదివారం మందిరంలో ప్రభు బల్ల. రొట్టె ముక్క, ద్రాక్షరసం అందరూ తీసుకునే రోజు. ఎవరితోనన్నా మనసు చెడి ఉంటే, అది సర్దుకోకుండా ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టకూడదని పాస్టరు అయ్యగారు చెప్పేవారు. పెద్దవాళ్ళు ఆ మాటకు పక్కింటివాళ్ళతోనో, పాలివాళ్ళతోనో మాట కలుపుకుని వచ్చేవారు. మా నాయిన మాత్రం దాన్ని ఇంట్లోకి తెచ్చాడు. ముందు రోజు శనివారం సాయంత్రం నన్నూ మార్తనూ నులకమంచం మీద కూర్చోబెట్టి, తాను కింద నేల మీద కూర్చునేవాడు. మేము పైన, ఆయన కింద.

"ఈ నెలల మీ మీద నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా? భయపడకుర్రి, సక్కగ చెప్పుర్రి."

అంత పెద్ద మనిషి అట్లా అడుగుతుంటే నాకు నవ్వాగేది కాదు. "నువ్వు గుర్రు పెడుతున్నవు నాయినా. పొద్దంత బండలు పగలగొట్టింది చాలక రాత్రి కూడ పగలగొడుతున్నవు" అనేవాణ్ణి.

"అది నా చేతిల లేదు బిడ్డా. అయినా మాఫ్ చెయ్యి."

నవ్వకుండా అనేవాడు. మార్త ఏదో గాజుల సంగతి చెప్పేది, దానికీ మాఫ్ అడిగేవాడు. మేము "సరే నాయినా" అన్నాక లేచి మోకాళ్ళు దులుపుకునేవాడు. తెల్లారి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, మందిరంలో వరసవరసకూ రొట్టె పళ్ళెం పట్టుకుని తిరిగేవాడు. సంఘంలో ఆ పని ఆయనదే. రాళ్ళు కొట్టే చేతుల్లో ఆ పళ్ళెం కొంచెం కూడా కదిలేది కాదు.

ద్రాక్షరసం మా ఇంట్లోనే అయ్యేది. ఆ రోజుల్లో లింగంపల్లి దాటాక ద్రాక్షతోటలుండేవి. ఎండాకాలం నల్ల ద్రాక్ష తెచ్చి అమ్మ చేత్తో నలిపి, సత్తుగిన్నెలో కాచి, తెల్లగుడ్డలో వడగట్టి సీసాలో పోసి బియ్యం డబ్బా వెనక పెట్టేది. ఇల్లంతా ఆ తీపి పులుపు వాసన, గుమ్మం నిండా ఈగలు, మేము గుటకలు. అట్లాంటి ఒక ఎండాకాలం నాకు ఎడమ చెవిలో పోటు మొదలైంది. రాళ్ళు తీసిన గుంటలో నీళ్ళు నిలిచేవి. అందులో దిగొద్దని నాయిన ఒట్టు వేయించుకున్నాడు. నేను రోజూ దిగేవాణ్ణి. చెవి కారడం మొదలయ్యాక దూది కుక్కి, మీద నుంచి జుట్టు దువ్వుకున్నాను. అమ్మ కూలికి పోయిన వేళ, ఎనిమిదేళ్ళ మార్త గరిటెలో నూనె వెచ్చబెట్టి చెవిలో పోసేది. ఆ పక్క నుంచి ఎవరు మాట్లాడినా గోడ అవతల నుంచి మాట్లాడినట్టే ఉంటోందని దానికొక్కదానికే చెప్పాను. అట్లా నా గుట్టు దాని దగ్గరుంది.

ఒక బల్ల శనివారం మధ్యాహ్నం అయ్యగారు సీసా కోసం వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మెత్తటి మాట. మందిరమంటే రేకుల గదే, మా ఇంటికి ఎదురుగానే ఉండేది. ఆడవాళ్ళు జంపఖానాలు దులుపుతున్నారు. అయ్యగారు సీసా ఎత్తి చూసి, "ఏమండీ సామేలు గారూ, సగమే ఉందేంటండి?" అన్నారు. నాయిన నా వైపు చూశాడు. చూడడా మరి. అంతకు ముందు వారమే అయ్యగారు గిన్నె ఎత్తి కళ్ళు మూసుకునే తీరును నేను వీధిలో పిల్లలకు చేసి చూపించానని ఆయనకు తెలిసింది. తాగింది మార్త. గుమ్మం వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్న అమ్మ పక్కన, పెదాలు నల్లగా, నా వైపు చూస్తోంది. నేను దాని పేరు చెబితే అది గుంట సంగతి చెబుతుంది. అందుకని ఊరుకున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పే కథలో నేను చెల్లెల్ని కాచుకున్న అన్నను. జరిగింది మాత్రం ఇది. ఊరుకోవడమే కాదు, పళ్ళికిలించాను. నాయిన చెయ్యి లేచింది.

మూడు సార్లు తిరగలేదు నేను. ఒక్కసారి గోడకు తగిలి కూర్చున్నానంతే. మా నాయిన నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

బుధవారం మార్త అన్నం దగ్గర ఏడ్చి తానే తాగానని చెప్పేసింది. నా గుంట సంగతి చెప్పలేదు. నాయిన చేతిలో ముద్ద కంచంలో పెట్టి, లేచి, నేనున్న మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. అప్పటికి నా చెవి పూర్తిగా మూసుకుపోయింది. అంతకు ముందు రోజే వీధి చివరి కాంపౌండరు, దెబ్బ తగిలిందని మేము చెప్పింది విని, "అవును, దెబ్బకే పోయింది" అన్నాడు. అది విని నాయిన తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. ఇప్పుడు నేల మీద నుంచి ఆ చేతినే నా మోకాలి మీద పెట్టబోయి ఆగి, కుడి పక్కకు జరిగి, వినపడే చెవి వైపు మొహం పెట్టి అడిగాడు.

"తప్పు జేసిన బిడ్డా. అడగకుండ కొట్టిన. మాఫ్ చెయ్యి."

"చెయ్య" అన్నాను.

ఏమవుతుందో చూద్దామని అన్నాను. అంత బలం నా నోట్లో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మ చెయ్యి ఎత్తి నా మీదికి వచ్చింది. "నీ నోట్లకెంచి ఒక్క మాట రాదార?" నాయిన ఆపాడు. "వాన్ని బలవంతం చెయ్యకే. గుంజుకుంటే అది మాఫీ గాదు."

తర్వాతి బల్ల ఆదివారం నాయిన పళ్ళెం పట్టుకోలేదు. వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. పళ్ళెం తన ముందుకు వస్తే తల వంచి పక్కవాడికి అందించాడు. ఒకసారి అయితే ఎవరూ పట్టించుకోరు. ప్రతి నెలా అదే జరిగింది. ప్రతి బల్ల శనివారం మంచం మీద మేము, నేల మీద ఆయన, కుడి పక్క నుంచి అదే ప్రశ్న, నాదదే జవాబు. ద్రాక్షపండ్లు మళ్ళీ వచ్చి పోయాయి, ఇంకోసారి కూడా వచ్చి పోయాయి. సంఘంలో మాటలు పుట్టాయి. సామేలు చాటుగా తాగుతున్నాడన్నారు. ఎక్కడో ఇంకో ఇల్లుందన్నారు. అయ్యగారు ఇంటికి వచ్చి, "ఏమైందండి, చెప్పండి, నేను సర్దుతాను" అని బతిమాలారు. నాయిన, "ఇంట్ల ఒకరి మనసు నొచ్చి ఉన్నదయ్యగారూ. నొప్పించింది నేనే" అన్నాడు. ఎవరి మనసో చెప్పలేదు. నేను పక్కనే గోలీలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. చెవి వినపడటం లేదని బడి మానేస్తానంటే కూడా ఆయన అడ్డం చెప్పలేకపోయాడు. నన్ను గట్టిగా ఒక మాట అనే ధైర్యం ఆయనకు పోయింది. అట్లా ఎనిమిదో తరగతి నుంచి నేను విడుదలై, నల్లాల మేస్త్రి వెంట పోయాను. చదువు పోయిందని ఎవరైనా జాలి పడితే, ఎడమ చెవి చూపించేవాణ్ణి.

రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దగ్గు పొద్దున్నే మొదలై ప్రార్థనను కూడా తినేసేది. సమ్మెట ఎత్తలేని రోజు వచ్చాక మంచం ఆయనది అయింది, నేల మాది. ఒక మధ్యాహ్నం అయ్యగారు చిన్న రేకు డబ్బాలో రొట్టె ముక్క, మందుసీసా మూతలో ద్రాక్షరసం పట్టుకుని ఇంటికే వచ్చారు. నాయిన తల అడ్డంగా ఊపి నా వైపు చూశాడు. అడిగేంత ఊపిరి లేదు, చూశాడంతే. అమ్మ చూసింది. మార్త చూసింది. అయ్యగారికి అప్పుడు అర్థమైందనుకుంటాను, చేతిలో డబ్బా పట్టుకుని ఆయనా నా వైపే తిరిగారు.

"తిను నాయినా, మాఫ్ చేసిన" అన్నాను. "ఇంకా చూస్తే అయ్యగారే తినేటట్టున్నడు."

నాయిన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక పిల్లవాడిలా నోరు తెరిచాడు. రొట్టె చాలాసేపు నమిలాడు. అమ్మ ఏడ్చింది, అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. తండ్రిని క్షమించిన కొడుకునని సంఘంలో నాకు పేరొచ్చింది. మార్త బయటికి వెళ్ళిపోయింది. అడగవలసినవాణ్ణి నేను. ఇచ్చినవాడిగా నిలబడ్డాను.

ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఉన్నాడు. చెప్పడానికి నాకు టైము లేకపోలేదు. ఒక రోజు ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. "చెవి ఎట్లుంది బిడ్డా?" అని అడిగాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. గుంట అన్న మాట నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చింది మాత్రం ఇంకోటి. "నువ్వు కొట్టినంక మంచిగనే ఉంది నాయినా, పనికిరాని మాటలు ఇనవడతలేవు" అన్నాను. ఆయన నవ్వలేదు. దుప్పటి మీదున్న కుడి చేతిని మెల్లగా దుప్పటి లోపలికి లాక్కున్నాడు. మా నాయిన గురించి మొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పని సంగతి ఇదొక్కటే, ఎందుకంటే దీనికి ఎవరూ నవ్వరు.

ఇప్పుడు మేమున్న అపార్ట్‌మెంటు ఆ బండలున్న చోటికి దగ్గరే. తొమ్మిదో అంతస్తు. కింద ఎంఎంటీఎస్ రైలు పోతుంటే కప్పులో చాయ్ వణుకుతుంది. నా భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాను. మా నాయినకు చదువు లేదు, సంఘపెద్ద అన్న పేరు కూడా నా మూలాన పోయింది. నాకేమో రెండు సంఘాల్లో కుర్చీ ఉంది, పిల్లల్ని ఎట్లా పెంచాలో మైకులో చెప్పమని పిలుస్తారు, చెబుతాను, నవ్విస్తాను. కానీ నా కొడుకు ముందు నేల మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. సునీల్‌కు ఏడేళ్ళప్పుడు క్రిస్మస్ ప్రోగ్రాంలో స్టేజి ఎక్కి బైబిలు వాక్యం మరిచిపోయి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆ నోరు నేను పదేళ్ళు చేసి చూపించాను చుట్టాలకు. చెంపదెబ్బ తర్వాత అది నా రెండో ఐటం. వాడు మళ్ళీ స్టేజి ఎక్కలేదు. ఇప్పుడు హైటెక్ సిటీలో పెద్ద టీముకు పెద్ద, అయినా మీటింగులో మాట్లాడాల్సి వస్తే పక్కవాడికి అప్పజెప్పి తాను వెనక కూర్చుంటాడని కోడలు ఒకసారి అంది. నేను దాని మీద కూడా ఒక జోకు వేశాను.

డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చిన వారం బల్ల వారమే. శనివారం సాయంత్రం అందరినీ సోఫాలో కూర్చోమని చెప్పి నేను కింద కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ గట్టిగా అభ్యంతరం చెప్పాయి. గుంట, దూది, గరిటెలో నూనె, సీసా, 'చెయ్య' అన్న మాట, దుప్పటి కిందికి పోయిన చెయ్యి, అన్నీ చెప్పాను. ఎక్కడా ఎవరినీ చేసి చూపించలేదు. కోడలు కళ్ళు తుడుచుకుంది. మనవరాలు ఫ్రిజ్ వైపు చూసి, "అయితే ముత్తాత చెయ్యి అంత పెద్దది కాదా తాతా?" అంది.

"మామూలు చెయ్యే బిడ్డా. సమ్మెట పట్టి కాయలు కాసింది, అంతే."

తర్వాత సునీల్ వైపు తిరిగి, మా నాయిన అడిగినట్టే అడిగాను. "నీ మీద నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా? సక్కగ చెప్పు."

"ఏం లేదు డాడీ" అన్నాడు, ఫోను చూసుకుంటూ.

ఆ 'ఏం లేదు' ఎట్లాంటిదో నాకు తెలుసు. లోపల ఉన్నది బయట పెట్టకుండా చెప్పే మాట మా ఇంట్లో నేను మొదలుపెట్టిందే. తెల్లారి మందిరంలో పళ్ళెం వచ్చింది. ఇప్పుడు ఏసీ హాలు, వేలెడు ప్లాస్టిక్ గ్లాసులు, డబ్బాలో కొన్న రసం. నేను తల వంచి పళ్ళెం పక్కనున్న సునీల్‌కు అందించాను. వాడు దాన్ని పట్టుకుని నా వైపు చూశాడు. పళ్ళెం కాసేపు వాడి చేతుల్లోనే ఆగిపోయింది, వెనకవాళ్ళు తొంగి చూసేదాకా.

నెల గడిచింది. మళ్ళీ శనివారం. మళ్ళీ నేల మీద కూర్చుని అడిగాను. ఈసారి వాడు ఏం లేదు అనలేదు. టీవీ కట్టేశాడు. ఫోను బోర్లా పెట్టాడు. సోఫాలోంచి దిగి, నా ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, కుడి పక్కన నేల మీద కూర్చున్నాడు. మా నాయిన అటు పక్కనే కూర్చునేవాడన్న ఒక్కటీ నేను వాడికి చెప్పలేదు.

"ఆ క్రిస్మస్ ప్రోగ్రాం ఉంది కదా డాడీ, నేను వాక్యం మరిచిపోయింది" అన్నాడు. గొంతు ఏడేళ్ళవాడిదే.

నా నోట్లోకి వెంటనే ఒక మాట వచ్చింది, మంచి మాటే, అందరూ నవ్వేది. దాన్ని మింగి, కుడి చెవి వాడి వైపు తిప్పాను.